ఇరుసు మీద ఒక్క గీత

ఆ మంగళవారం పొద్దున గీత మేస్త్రికి మంచం దిగడమే పెద్ద పనిలా తోచింది. ముందు కుడికాలు కిందికి దించాలి, మోకాలు చిటుక్కుమనేదాకా ఓపిక పట్టాలి, అప్పుడు ఎడమకాలు. ముప్పై ఎనిమిదేళ్ళు మంచినీటి గొట్టాల కంపెనీలో వెల్డరుగా చేసి రెండేళ్ళ కిందట ఇంటికి వచ్చేసిన మనిషి. ఆ ముప్పై ఎనిమిదేళ్ళలో సగం గోతుల్లో గొంతుక్కూర్చునే గడిచాయి. పదవీ విరమణ రోజున కంపెనీవాళ్ళు శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. మోకాళ్ళ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆయన్ని గీత మేస్త్రి అనడానికి కారణం ఉంది. వెల్డింగు రాడ్డు మూరెడైనా ఉండదు. అది అయిపోగానే ఎంత గొప్ప పనివాడైనా ఆగి కొత్త రాడ్డు తగిలించుకోవాల్సిందే. ఆగిన చోట చిన్న బొడిపె వస్తుంది. ఈయన అతుకులో ఆ బొడిపె ఉండేది కాదు. ఎక్కడ ఆగాడో, ఎక్కడ మళ్ళీ అందుకున్నాడో వేలితో తడిమినా తెలిసేది కాదు. గొట్టం చుట్టూ ఒకటే గీత. పై అధికారులు వస్తే కొత్తవాళ్ళను పక్కకు నెట్టి ఈయన అతుకే చూపించేవారు. ఆయన అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేకుండా పోయింది. పోయినందుకు ఆయనకేమీ బాధ లేదు, నిజం చెప్పాలంటే లోలోపల పొంగిపోయేవాడు కూడా.

ఇంటికి వచ్చిన ఏడాదే కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయింది. "ఇంక వెల్డింగు హోల్డరు పట్టను, పడితే ఒట్టు" అని భార్య ముందు ఒట్టేశాడు. ఆ ఒట్టు గట్టున పెట్టడానికి ఒక జీపు కావలసి వచ్చింది.

జీపు కూతురిది. ముప్పై నాలుగేళ్ళ పిల్ల, తనే నడుపుతుంది, తనే బాగు చేసుకుంటుంది. పెళ్ళి మాటెత్తితే చాలు, వెళ్ళి ఆ జీపు కింద దూరుతుంది. మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్ళకు బండి కడుతుంది గానీ, గురువారం మాత్రం ఆరోగ్య కేంద్రానిది. నర్సమ్మనూ, టీకాల పెట్టెనూ, మందుల అట్టపెట్టెలనూ ఎక్కించుకుని కొండ మీద ఉన్న మూడు ఊళ్ళకు వెళుతుంది. ఆ దారిలో వెళ్ళే బండి ఇంకొకటి లేదు. దారి అనడం కూడా మర్యాద కోసమే. సగం రాళ్ళు, సగం వాగు, మిగిలిందంతా లోయ అంచు.

పోయిన గురువారం వాగు దాటుతుంటే వెనక నుంచి టప్పుమని చప్పుడు వచ్చింది. దిగి చూస్తే వెనక ఇరుసు గొట్టం చిట్లి ఉంది. జీపు ఇరుసంటే ఒట్టి కమ్మీ కాదు. మధ్యలో పళ్ళ చక్రాలుండే ఇనుప కుండ, దానికి రెండు వైపులా లావుపాటి గొట్టాలు, ఆ గొట్టాల లోపల చక్రాలను తిప్పే షాఫ్టులు. కుండకు పక్కనే, గొట్టం మీద, వెంట్రుకలా సన్నటి పగులు. బండిని నత్తనడకన ఇంటికి చేర్చింది. పట్నంలో వర్క్‌షాపువాడు మూడు వారాలు పడుతుందన్నాడు. మూడు వారాలంటే మూడు గురువారాలు.

"నాన్నా, నువ్వు చెయ్యగలవా?" అని అడిగింది.

వద్దనుకున్నాడు. అడక్కుండా ఉంటే బాగుండును అని కూడా అనుకున్నాడు. ఒంట్లో ఓపిక లేదు, కంట్లో మునుపటి చూపు లేదు. కానీ "చెయ్యగలవా" అన్న మాట దగ్గర ఆయనకు ఎక్కడో పొడుచుకుంది.

"చెయ్యగలనా ఏంటి? పగులు పూడ్చి ఊరుకుంటాననుకున్నావా? పైనొక పట్టీ, కిందొక పట్టీ వేసి వంతెన కడతాను. ఇంకోసారి చిట్లితే నన్నడుగు" అన్నాడు.

పెరట్లో రేకుల షెడ్డు ఉంది. కూతురు రెండు రోజులు కష్టపడి ఇరుసు ఊడదీసింది, కుండలో పళ్ళ చక్రాలన్నీ బయటికి తీసింది, కిరోసిన్‌తో కడిగింది, రెండు చెక్క దిమ్మల మీద పడుకోబెట్టింది. మూడు అడుగుల ఇనుప పట్టీలు రెండు కోయించుకొచ్చింది. సోమవారం నాడు మేస్త్రి పగులును గాడిగా అరగదీసి పూడ్చాడు. అది బాగానే వచ్చింది.

మంగళవారం పొద్దున తండ్రీ కూతుళ్ళిద్దరూ దారం పట్టి చూశారు. గొట్టాల చివర్లలో చెక్క బిళ్ళలు బిగించి, వాటి నడిమి చిల్లుల గుండా ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి కట్టారు. ఇరుసు తిన్నగా ఉంటే దారం కుండకు సరిగ్గా నడిబొడ్డున పోవాలి. పోయింది.

"నేను సీళ్ళు, బేరింగులు తెస్తాను. రెండింటికల్లా వస్తా. నేను వచ్చేదాకా పట్టీల జోలికి వెళ్ళకు నాన్నా, మాటిమాటికీ తిప్పాలంటే ఇద్దరం ఉండాలి" అని చెప్పి కూతురు బస్సెక్కింది.

ఆయన ఆగేవాడే. కానీ పక్క వీధిలో పిండిమర ఉంది. అది తిరుగుతున్నంతసేపూ కరెంటు నీరసంగా వస్తుంది, రాడ్డు ఇనుముకు అంటుకుపోతుంది. పదకొండు నుంచి ఒంటిగంట దాకా మరాయన భోజనానికీ కునుక్కీ వెళతాడు. కరెంటు నిండుగా ఉండేది ఆ రెండు గంటలే. పదకొండున్నరకు మేస్త్రి వెల్డింగు మిషను ఆన్ చేశాడు.

ముందు గదిలో బట్టలు కుట్టుకుంటున్న భార్య టేపు మెడలో వేసుకునే వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"అది వచ్చేదాకా ఆగమంది కదండీ."

"కరెంటు ఆగదు."

"పోనీ టాకాలేసుకుంటూ వెళ్ళండి. ఒక పక్కనుంచే కుట్టుకుంటూ పోతే లాగేస్తుంది."

"ఇది లంగా కాదే."

"గుడ్డయినా ఇనుమైనా లాగేదే లాగుతుంది" అని ఆవిడ వెళ్ళిపోయింది. కాసేపటికి ముందు గదిలో కుట్టు మిషను చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఆవిడ చెప్పింది ఆయనకు తెలియక కాదు. కాగిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ తనతో పాటు ఇరుసునూ లాగుతుంది. అందుకే పైన అంగుళం వేస్తే, ఇరుసు దొర్లించి కింద ఆ చివర అంగుళం వెయ్యాలి. మళ్ళీ పైన ఇంకో మూల, మళ్ళీ కింద. రెండు పట్టీలకూ నాలుగు అంచులు. కూర్చోవాలి, లేవాలి, బరువు దొర్లించాలి, చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాలి, మళ్ళీ కూర్చోవాలి. గొట్టాల పనిలో ఈ బాధ లేదు. గొట్టం చుట్టూ అన్ని వైపులా ఒకే లాగుడు కాబట్టి ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. ఆయన చెయ్యి నేర్చిన పని అది.

మొదటి నాలుగు అంగుళాలూ పద్ధతి ప్రకారమే వేశాడు. నాలుగోసారి లేచేటప్పుడు షెడ్డు రాటను పట్టుకోవాల్సి వచ్చింది. అయిదోసారి స్టూలు మీద కూలబడ్డాక, ఇంక లేవాలంటే కుడి మోకాలు ససేమిరా అంది. చెమట కళ్ళలోకి దిగుతోంది. గడియారం పన్నెండు దాటింది. ఒక్క రాడ్డు ఇక్కడే కానిచ్చేద్దాం, తర్వాత తిప్పుదాంలే అనుకున్నాడు.

అనుకుని ముసుగు దించాడు. ఎన్నాళ్ళకో ఆ పచ్చటి అద్దంలోంచి కరిగిన ఇనుము, అంగుళానికి ఆగకుండా, చిన్న చుక్కలా కదులుతూ కనిపించింది. చెయ్యి వణకలేదు. రెండేళ్ళుగా టీ గ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యి, హోల్డరు పట్టుకోగానే నిలిచింది. ఆయనకు ఎంత సంతోషం వేసిందంటే, రాడ్డు అయిపోయిందని కూడా తెలియలేదు. ఇంకొకటి తగిలించాడు. తర్వాత ఇంకొకటి. పై పట్టీకి ఇవతలి అంచు మూడడుగులూ పూర్తయింది. స్టూలు కాస్త జరిపి, వంగి, అవతలి అంచు కూడా కూర్చున్న చోటు నుంచే లాగించేశాడు. తన పనిమీద తనకంత మోజు ఉన్న మనిషిని ఆ పూట ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

అతుకు మీద పేరుకున్న పెంకు కొట్టేసి చూసుకున్నాడు. రెండు గీతలు. ఎక్కడా బొడిపె లేదు.

చల్లారాక దారం కట్టి చూశాడు. కుండ నడిబొడ్డు మీదుగా పోవలసిన దారం అగ్గిపుల్ల మందం పైకి పోయింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. దారం విప్పి మళ్ళీ కట్టాడు. అంతే. చివర్లు రెండూ పైకి లేచాయి, ఇరుసు వంగింది. అంతలో పిండిమర మొదలైంది, కరెంటు పడిపోయింది.

మేస్త్రి స్టూలు మీదే కూర్చుండిపోయాడు. దీన్ని బాగు చేసే దారి ఆయనకు బాగా తెలుసు. ఆ రెండు గీతలనూ గ్రైండరుతో పూర్తిగా కోసేయాలి. కింది వైపు గ్యాసు మంటతో కాల్చి, చల్లార్చి, వంపు వెనక్కి లాగాలి. మళ్ళీ మొదటి నుంచి టాకాలు. నిండా ఒక రోజు పని, అదీ ఇద్దరు ఉంటేనే. తలుచుకుంటేనే ఒళ్ళు బరువెక్కింది. దానికంటే బరువైన పని ఇంకొకటి ఉంది. చిన్నప్పటి నుంచీ తండ్రి గీత గురించి స్నేహితురాళ్ళకు చెప్పుకున్న పిల్లకు, నేను చెడగొట్టాను అని చెప్పాలి.

చెప్పకపోతే ఏమవుతుంది? షాఫ్టు కాస్త నెడితే దూరుతుంది. బండి నడుస్తుంది. చదును నేల మీద ఏడాది కూడా నడుస్తుందేమో. కానీ వంగిన గొట్టంలో షాఫ్టు తిరిగిన ప్రతిసారీ ఇటూ అటూ వంగుతూనే ఉంటుంది. ఏదో ఒక రోజు, ఏదో ఒక మలుపులో విరుగుతుంది. విరిగితే చక్రం షాఫ్టు ముక్కతో సహా ఊడి బయటికి వస్తుంది. ఇదంతా ఆయన ఆలోచించాడు. ఆలోచించి, లేచి, బూడిద రంగు డబ్బా మూత తీసి ఇరుసుకు రంగు వేశాడు. ఇది ఆయన తరఫున ఎవరూ సమర్థించలేని పని. నేనూ సమర్థించను.

కూతురు రెండింటికి వచ్చి, ఇంకా ఆరని రంగు మీంచే గీతను చూసి నిలబడిపోయింది.

"ఆగమంటే ఆగావా? అయినా ఏం వేశావు నాన్నా. మిషను వేసినట్టుంది. కింది పట్టీకి రెండు అంగుళాలే వేశావేం?"

"అక్కర్లేదులే. పైదే చాలు."

"కావాలన్నావుగా?"

"చూశాక అక్కర్లేదనిపించింది" అన్నాడు. తండ్రి అన్నాడు కాబట్టి నమ్మింది.

భోజనాల దగ్గర ఆయన తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని తిన్నాడు. భార్య వడ్డిస్తూ, "నా దారం రీలు తీశారా?" అంది.

"కొలవడానికి తీశాను. కొలిస్తే తప్పా? కొలవకూడదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఆవిడ గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆయన్నే చూసింది. "తప్పని ఎవరన్నారు? సరిగ్గా వచ్చిందా అని."

"వచ్చింది."

నాలుగింటికి ఇరుసును జీపు కిందికి చేర్చి బోల్టులు బిగించడం మొదలుపెట్టారు. ఎడమ షాఫ్టు బాగానే దూరింది. కుడిది బెత్తెడు దూరంలో ఆగిపోయింది. కూతురు చెక్క సుత్తితో నాలుగు తట్లు తట్టింది. దూరింది.

"కొత్త సీలు కదా, బిగుతుగా ఉంది" అంది, తనకు తానే కారణం వెతుక్కుని.

అప్పుడే ఫోను మోగింది. నర్సమ్మ. కూతురు జీపు కింద పడుకునే ఫోను చెవికి ఆనించుకుంది. "ఎల్లుండి రెడీ అండీ. ఆరింటికల్లా మా ఇంటి దగ్గర్నుంచి బయల్దేరదాం. లేదండీ, పట్నంలో కాదు, మా నాన్న చేశాడు. కంపెనీ వాళ్ళ ఇరుసు కంటే గట్టిది. మీరేం భయపడకండి, నాదీ పూచీ."

మేస్త్రి చేతిలో బోల్టుల గిన్నె ఉంది. దాన్ని నేల మీద పెట్టాడు. ఇంక ఒక్క నిమిషం కూడా ఆ అబద్ధాన్ని మొయ్యడం ఆయన వల్ల కాలేదు. మంచితనం పొంగుకొచ్చి కాదు, మొయ్యడానికి ఓపిక లేక.

"విప్పెయ్ అమ్మా" అన్నాడు.

"ఏంటి?"

"ఇరుసు వంగింది. నేనే వంచాను."

జీపు కింద స్పానరు చప్పుడు ఆగింది. కూతురు మెల్లగా బయటికి జరిగి, లేచి కూర్చుని, గుడ్డతో చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడుచుకుంది.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు రాకముందే."

"అన్నం తినేటప్పుడు తెలుసా?"

"తెలుసు."

"అమ్మ అడిగినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

"నర్సమ్మకి నేను పూచీ ఇచ్చేదాకా చూస్తూ కూర్చున్నావు. ఆవిడ ఒళ్ళో టీకాల పెట్టె పెట్టుకుని ఆ లోయ పక్కన కళ్ళు మూసుకుని కూర్చుంటుంది, తెలుసా నీకు? నేను నడుపుతున్నానని కూర్చుంటుంది."

అన్నిటికంటే కష్టమైన మాట ఆయన అప్పుడు చెప్పాడు. "తిప్పాలని తెలుసు. మోకాలు లేవనివ్వలేదు. కూర్చున్న చోటే వేసేశాను."

"ఆ ముక్క పొద్దున్నే చెబితే పోయేది కదా నాన్నా" అంది. గొంతులో కోపం ఉంది, కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. పొద్దున్నుంచీ బస్సుల్లో తిరిగిన మనిషి. మళ్ళీ జీపు కిందికి దూరి, గంట కష్టపడి బిగించిన బోల్టులను ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టింది. ఆయన గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

బుధవారం ఉన్న మాటలన్నీ పనికి సంబంధించినవే. గ్రైండరు మాత్రం ఆయన కూతురికి ఇవ్వలేదు. తన గీతలు రెండూ తనే కోశాడు, తెల్లగా నిప్పురవ్వలు లేస్తుంటే మొహం తిప్పుకోకుండా కోశాడు. కింది వైపు గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, చల్లారే దాకా ఆగి, దారం కట్టారు. చాలలేదు. మళ్ళీ కాల్చారు. మూడోసారికి దారం నడిబొడ్డుకు వచ్చింది. "నువ్వే చూడు" అన్నాడు. చూసింది. అప్పటికి పదకొండయింది, మర ఆగింది. ఆయన స్టూలు మీదే కూర్చున్నాడు. ఆయన అంగుళం వెయ్యగానే కూతురు "చాలు" అనేది, ఇరుసు దొర్లించేది, అవతలి చివర ఆయన ముందుకు వచ్చేలా తిప్పి పెట్టేది. మళ్ళీ అంగుళం. మళ్ళీ "చాలు". ఆ మాటకు ఆయన చెయ్యి ప్రతిసారీ గిలగిల్లాడింది, అయినా ఆగాడు. ఒంటిగంటకు మర మొదలవబోతుంటే భార్య వెళ్ళి మరాయన్ని ఏం అడిగిందో ఏమో, ఆ రోజు మర మూడింటి దాకా తిరగలేదు.

చివరికి పట్టీల అంచుల నిండా అతుకులూ బొడిపెలూ. కంపెనీలో ఎవరైనా చూస్తే పడీ పడీ నవ్వేవాళ్ళు. పొద్దుగూకే వేళకు షాఫ్టులు రెండూ సుత్తి అవసరం లేకుండా దూరాయి. కూతురు "సరే" అంది. ఆ రోజంతటికీ ఆమె అదనంగా అన్న మాట అదొక్కటే. ఆయనకు కళ్ళనిండా నిద్ర ఉంది, పట్టలేదు. ఇన్నేళ్ళలో తన పనిని ఇంకొకరు సరిచూస్తే తప్ప నమ్మని రోజు ఒకటి వస్తుందని ఆయన అనుకోలేదు. అది తాను తెచ్చుకున్నదే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

గురువారం ఆరింటికి ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని గేటు దగ్గరికి వచ్చాడు. కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. కొత్త గొట్టంలోకి మొదటిసారి నీళ్ళు వదిలే రోజున, అతుకు వేసినవాడే ఆ అతుకు పక్కన నిలబడాలి. పగిలితే ముందు తడిసేది వాడే. జీపులో వెనక సీటు సరిగ్గా ఇరుసు మీదే ఉంటుంది. అక్కడ కూర్చుని వెళ్ళాలని రాత్రే నిశ్చయించుకున్నాడు.

ముందు సీట్లో నర్సమ్మ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. వెనక సీటులో సగం మందుల అట్టపెట్టెలు. మిగిలిన సగంలో ఆయన కంటే ముందే ఎవరో కూర్చుని ఉన్నారు. చూస్తే భార్య. చేతిలో సంచీ, మెడలో టేపు.

"నీకేం పని అక్కడ?" అన్నాడు.

"పైన బళ్ళో పిల్లల యూనిఫాంలకు కొలతలు తీసుకోవాలి."

"ఇన్నేళ్ళూ లేని కొలతలు ఇవాళే వచ్చాయా?"

"ఇవాళే వచ్చాయి."

"దిగు. నేను వెళతాను."

"మీరు పడుకోండి. రెండు రోజులుగా కన్ను మూయలేదు" అని ఆవిడ తలుపు లాగేసుకుంది. కొండ దారంటే భయపడి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ జీపెక్కని మనిషి.

కూతురు అద్దంలోంచి వెనక తల్లిని చూసింది, తర్వాత కిటికీలోంచి తండ్రిని చూసింది. "చోటు లేదు నాన్నా" అంది. గేరు వేసింది.

జీపు వీధి చివర మలుపు తిరిగేదాకా వెనక చక్రాలను చూస్తూ నిలబడ్డాడు. తిన్నగానే తిరుగుతున్నాయి. ఆయనకు ఈ లోకంలో ఉన్నది ఆ ఇద్దరే, ఇద్దరూ ఆ ఇరుసు మీద కూర్చుని వెళ్ళారు. లోపలికి వెళ్ళి పడుకోవాలని ఒళ్ళు మొత్తుకుంటోంది, వెళ్ళలేక గేటు మెట్టు మీదే కూర్చున్నాడు. బతుకులో ఎన్నో అతుకులు వేశాడు, ఇంత భయం ఏ అతుకు దగ్గరా వెయ్యలేదు.

మర తెరవడానికి వెళుతూ పిండిమర ఆయన ఆగాడు. "ఏం మేస్త్రీ, జీపు పనికి నిన్న నా మర కూడా ఆపించారు. బాగా వచ్చిందా మరి?"

ఇంకెప్పుడైనా అయితే ఆ ప్రశ్నకు ఆయన నవ్వి ఊరుకునేవాడు.

"సాయంత్రం వాళ్ళు వచ్చి దిగాక చెబుతాను" అన్నాడు.